యాభై దాటాక షూటింగ్ తగ్గించుకోవడం: మనవైపు షూటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ కాల్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఎన్‌సీసీ క్యాంపుల్లో పాయింట్ టూ టూ (.22, చిన్న తూటా) రైఫిల్ పట్టుకుని మొదలెట్టినవాళ్లు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాళ్లు, లేదంటే ఆర్మీ, నేవీ, పోలీసుల్లో చేసి రిటైరయ్యి ఊరొచ్చినవాళ్లు. వీళ్లంతా ఇప్పుడు యాభై, అరవై దాటారు, ఎప్పుడు కలిసినా ఇవే డౌట్లు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని అక్కడే చదువుకోవచ్చు.

## తగ్గించాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు

స్కోరు పడిపోతోందండీ, ఇది వయసు వల్లా లేక ప్రాక్టీస్ తక్కువయ్యా?

మొత్తం స్కోరు చూస్తే ఏమీ తెలీదు, సిరీస్ వారీగా, అంటే పదేసి షాట్ల చొప్పున చూడండి. 60 షాట్ల మ్యాచ్‌లో మొదటి నాలుగు సిరీస్‌లు ఎప్పట్లాగే ఉండి నలభై షాట్లు దాటాక చెదిరిపోతుంటే అది అలసట, అంటే వయసు పాలు ఎక్కువ. మొదటి షాట్ నుంచే గ్రూప్ (టార్గెట్ మీద షాట్లు పడ్డ గుంపు) పెద్దదైపోతే ముందు కళ్లద్దాలు, గన్ సైట్లు (గురి చూసే భాగాలు) చెక్ చేయించండి. గ్రూప్ చిన్నగానే ఉండి పక్కకి పోతుంటే అది ట్రిగ్గర్ నొక్కడంలోనో, గ్రిప్‌లోనో, నిలబడే పొజిషన్‌లోనో వచ్చిన తేడా, ప్రాక్టీస్‌తో సర్దుకుంటుంది. నాలుగైదు వారాల టార్గెట్లు దాచిపెట్టి వరసగా పరిచి చూసుకుంటే మీకే అర్థమైపోతుంది, ఒక్క చెడ్డ రోజు చూసి నిర్ణయం తీసుకోకండి.

తగ్గించడం అంటే ఓడిపోయినట్టే కదా, జనం ఏటంటారు?

ఏమీ అనరు, అన్నా పట్టించుకోవక్కర్లేదు. ఈ ఆటలో వయసుకి ఉన్న మర్యాద వేరే ఆటల్లో చాలా తక్కువ. స్వీడన్‌కి చెందిన ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసులో సిల్వర్ గెలిచాడు. జార్జియా పిస్టల్ షూటర్ నీనో సలుక్వాడ్జే 1988 నుంచి 2024 దాకా పది ఒలింపిక్స్ ఆడింది. 2024 పారిస్‌లో మిక్స్‌డ్ టీమ్ ఎయిర్ పిస్టల్ సిల్వర్ కొట్టిన టర్కీ యూసుఫ్ డికెచ్‌కి అప్పటికి 51. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్ జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే పెద్దావిడ అరవై దాటాకే మొదలెట్టింది. వీళ్లలాగా మెడల్స్ కొట్టమని కాదు, ఈ వయసులో కూడా రేంజ్‌లో మనకి చోటుందని చెప్పడానికే ఈ పేర్లు. ఓపిక ఎంతుందో చూసుకుని దానికి తగ్గట్టు ఆడేవాడే ఎక్కువ కాలం ఆడతాడు, రోషానికి పోయినవాడు భుజం పాడుచేసుకుని మొత్తానికే మానేస్తాడు.

ముందు ఏది తగ్గించాలి: రోజులా, షాట్లా, మ్యాచ్‌లా?

మ్యాచ్‌లు ముందు, తర్వాత షాట్లు, రోజులు మాత్రం ఆఖర్న. చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. ప్రాక్టీస్ వారానికి ఒక్క ఆదివారానికి కుదించేసి, ఆ ఒక్కరోజు పాత లెక్కలో వంద షాట్లు కాల్చేసి, సోమవారం నడుం పట్టేసిందంటూ మూలుగుతుంటారు. మన వయసులో కండ బలం, ట్రిగ్గర్ మీద వేలి స్పర్శ గ్యాప్ ఇస్తే తొందరగా పోతాయి, తిరిగి రావడానికి మాత్రం చాలా టైమ్ పడుతుంది. కాబట్టి వారానికి మూడు నాలుగు రోజులు చిన్న చిన్న సెషన్లు పెట్టుకోండి, సెషన్‌కి ముప్పై షాట్లు చాలు, మంచి రోజైతే నలభై. నలభై అంటే సగం ఆటేమీ కాదు, ఆడవాళ్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు 2017 దాకా 40 షాట్లే ఉండేవి, 2018 నుంచే మగవాళ్లతో సమానంగా 60 చేశారు. ఒలింపిక్ ఛాంపియన్లు నలభై షాట్లతో తేలినప్పుడు మనకి అది చాలదా?

ఇంకో మాట, సెషన్‌ని షాట్ల లెక్కతో కాకుండా నాణ్యతతో ఆపడం అలవాటు చేసుకోండి. వరసగా మూడు షాట్లు హోల్డ్ (గన్ కదలకుండా నిలపడం) కుదరక దించాల్సి వచ్చిందంటే ఆ రోజుకి సర్దేయండి, ఇంకో పది కాల్చి బాగుచేద్దాం అనుకుంటే తప్పుడు అలవాటునే ప్రాక్టీస్ చేసినట్టవుతుంది.

## ఒళ్లు, కళ్లు

ఫ్రంట్ సైట్ (గొట్టం చివర ఉండే గురి ముక్క) మసగ్గా కనబడుతోంది, టార్గెట్ మాత్రం క్లియర్‌గా ఉంది, ఏం చెయ్యాలి?

నలభై దాటాక కంటి లెన్స్ దగ్గర వస్తువుల మీద ఫోకస్ చేసే శక్తి తగ్గుతుంది, చత్వారం అంటామే అదే. మన ఆటలో క్లియర్‌గా కనబడాల్సింది ఫ్రంట్ సైట్, టార్గెట్ కాస్త మసగ్గా ఉన్నా నష్టం లేదు. అదేమో చెయ్యి చాపినంత దూరంలో ఉంటుంది, పేపరు చదివే అద్దాలకి మరీ దూరం, నడిచేటప్పుడు పెట్టుకునే అద్దాలకి మరీ దగ్గర. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో కాల్చకండి, సరైన భాగంలోంచి చూడ్డానికి తల ఎత్తుతూ దించుతూ మెడ నొప్పి తెచ్చుకుంటారు.

కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కంటి నుంచి ఫ్రంట్ సైట్ దాకా ఎంత దూరమో టేపుతో కొలిచి ఆ కొలత చెప్పండి. పిస్టల్ వాళ్లకి సాధారణంగా దూరపు పవర్‌కి ప్లస్ 0.50 లేదా 0.75 కలిపితే సరిపోతుంది, ట్రయల్ ఫ్రేమ్ పెట్టుకుని అక్కడే చెయ్యి చాపి చూసుకోండి. సింగిల్ విజన్ లెన్స్, ఒక్క గురి కన్నుకే మార్పించినా చాలు, మామూలు ఫ్రేమ్‌లో వేయించుకుంటే ఖర్చు కూడా తక్కువ. రైఫిల్ వాళ్లయితే రియర్ సైట్‌కి ఐరిస్ పెట్టి రంధ్రం కాస్త చిన్నది చేస్తే స్పష్టత పెరుగుతుంది, కాకపోతే మరీ చిన్నది చేస్తే వెలుతురు తగ్గి కన్ను ఇంకా అలిసిపోతుంది, మన రేంజ్‌ల్లో లైటింగ్ అంతంతమాత్రమే కాబట్టి జాగ్రత్త. రెండో కన్ను గట్టిగా మూసుకుని కాల్చే అలవాటుంటే మానేయండి, దాని ముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటని బ్లైండర్ (కంటికి అడ్డుపెట్టే రేకు) పెట్టుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, ముఖం కండరాలకి ఎంత సుఖమో వాడితే తెలుస్తుంది.

శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక కాల్చొచ్చా?

చాలామంది ఆపరేషన్ తర్వాత ముందుకంటే బాగా కాలుస్తున్నారు. కాకపోతే ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి మీరు షూటర్ అని, గురి పెట్టే కన్ను ఏదో చెప్పాలి, ఎందుకంటే లోపల పెట్టే లెన్స్ పవర్ ఆ రోజే ఫిక్స్ అయిపోతుంది. తర్వాత ఎప్పట్నుంచి బరువులెత్తొచ్చు, ఎప్పుడు రేంజ్‌కి వెళ్లొచ్చు అన్నది మీ డాక్టరే చెప్పాలి, తోటి షూటర్ చెప్పింది పనికిరాదు.

పిస్టల్ ఎత్తితే భుజం పీకేస్తోంది, మానేయడమేనా?

మానేయక్కర్లేదు, ఎత్తే సార్లు తగ్గించాలి. ఒక్క షాట్‌కి మూడుసార్లు ఎత్తి దించేవాళ్లు 60 షాట్లకి 180 సార్లు ఎత్తుతున్నారన్నమాట, భుజం అరిగేది కాల్చినందుకు కాదు, ఎత్తినందుకు. ఎత్తాక పది సెకన్లలో షాట్ వెళ్లకపోతే దించేయండి, కానీ దించాక కనీసం అర నిమిషం చెయ్యి బల్ల మీద ఆనించి ఉంచండి. మ్యాచ్ పిస్టల్‌కి రూల్ ప్రకారం గరిష్ఠ బరువు 1.5 కిలోలు, మీ దానికి అదనపు బరువులు తగిలించి ఉంటే తీసేయండి, హోల్డ్ కాస్త ఊగినా ఒళ్లు నిలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ వచ్చే అవకాశం ఎక్కువ, చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా దోపుకోలేకపోతుంటే అది మామూలు నొప్పి కాదు, ఫిజియో దగ్గరికి వెళ్లండి.

రైఫిల్ వాళ్లం, నడుం నొప్పి మాటేమిటి?

స్టాండింగ్ పొజిషన్‌లో నడుం వెనక్కి వంచి పక్కకి తిప్పి ఎముక మీద బరువు మోయించడమే టెక్నిక్, కుర్రవాళ్ల వెన్నుకి అది సరే, అరవైల్లో డిస్క్‌కి అది సరిపడదు. రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చని రూలే గానీ అంత ఉండాలని కాదు, నాలుగు చిల్లరకి దించుకోండి. వెనక్కి వంపు తగ్గించి నిటారుగా నిలబడితే స్కోరు కొంచెం పోతుంది, పోనివ్వండి. ప్రతి పది షాట్లకి రైఫిల్ స్టాండ్ మీద పెట్టి రెండు నిమిషాలు నడవండి. కాలిలోకి తిమ్మిరి లాగుతుంటే మాత్రం ఎముకల డాక్టర్‌ని కలిశాకే మళ్లీ షూటింగ్ జాకెట్ తొడగండి.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, మ్యాచ్ ఆడితే డోపింగ్ అవుతుందా?

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, మనవాళ్లు చాలామందికి ఈ సంగతే తెలీదు. బీటా బ్లాకర్లు అనే రకం మందులు, అంటే అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనోలాల్ లాంటివి, గుండె వేగం తగ్గించి చెయ్యి వణుకు ఆపుతాయి కాబట్టి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) షూటింగ్‌లో వాటిని నిషేధించింది. మిగతా కొన్ని ఆటల్లో మ్యాచ్ టైమ్‌లోనే నిషేధం, మనకీ ఆర్చరీకీ మ్యాచ్ లేని రోజుల్లో కూడా నిషేధమే. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ కిమ్ జాంగ్ సు రెండు మెడల్స్ వెనక్కి తీసుకున్నది ప్రొప్రనోలాల్ దొరికినందుకే. చేతులు వణికే జబ్బుకి కూడా ఇదే మందు రాస్తారు. గ్లకోమాకి వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఈ లిస్టులోవే, కంట్లో చుక్కలేగా అనుకోవద్దు.

అలాగని మ్యాచ్ కోసం మాత్ర ఆపేయడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, బీటా బ్లాకర్ ఒక్కసారిగా ఆపితే గుండెకి ప్రమాదం. మీ మాత్రల చీటీ డాక్టర్‌కి చూపించి వేరే రకం బీపీ మందుకి మార్చడానికి వీలవుతుందేమో అడగండి, బీపీకి ఈ లిస్టులో లేని మందులు చాలానే ఉన్నాయి. గుండె జబ్బు వల్ల ఆ మందే తప్పదంటే స్టేట్, నేషనల్ మ్యాచ్‌లు వదిలేసి స్నేహితుల మధ్య కాల్చుకోండి. ఆ మందు వేసుకుని హాయిగా కాల్చుకునే వాళ్లని చూశాను, ఆ ఆనందంలో ఏమీ తేడా లేదు.

షుగర్ ఉంది, రేంజ్‌లో ఒక్కోసారి చేతులు వణుకుతున్నాయి?

వెంటనే గన్ ఖాళీ చేసి కింద పెట్టండి, అది టెన్షన్ కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు. ఖాళీ కడుపుతో తెల్లారి రేంజ్‌కి వెళ్లడం, పైన రెండు టీలు తాగడం మన దగ్గర మామూలే, అది మానాలి. రెండు ఇడ్లీలైనా తిని వెళ్లండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోండి, పక్క లేన్ వాళ్లకి విషయం చెప్పి ఉంచండి.

## ఈవెంట్, సామాను

రైఫిల్ వదిలేసి పిస్టల్‌కి మారితే సులువా?

నడుముకి సులువు, భుజానికి కాదు. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది రింగ్ అర మిల్లీమీటర్ చుక్క, పిస్టల్‌లో 11.5 మిల్లీమీటర్లు, కానీ ఒంటి చేత్తో పట్టుకుని కొట్టాలి కాబట్టి పెద్దదని మోసపోవద్దు. పిస్టల్‌కి బరువైన జాకెట్, ప్యాంటు, బూట్లు అక్కర్లేదు, ఒక్క చిన్న పెట్టెతో బస్సెక్కి వెళ్లిపోవచ్చు, వయసైనవాళ్లకి నేను దీన్నే ఎక్కువగా చెప్తాను. అయితే మారాక ఒక ఏడాది పాటు స్కోరు రాసుకోకండి, కొత్తగా నేర్చుకుంటున్న సంతోషం అనుభవించండి. అరవైల్లో కొత్త విద్య మొదలెట్టే ఛాన్స్ అందరికీ రాదు.

రైఫిల్ స్టాండ్ మీద ఆనించి కాలిస్తే అదీ షూటింగేనా?

నూటికి నూరుపాళ్లు షూటింగే. జర్మనీలో పెద్ద వయసు వాళ్ల కోసం ఆఫ్‌లాగె అని ప్రత్యేకంగా పోటీలే పెడతారు, రైఫిల్ ముందు భాగం సపోర్ట్ మీద ఆనించి 30 షాట్లు, దశాంశాల్లో స్కోరు, అంటే ఒక్కో షాట్‌కి 10.9 దాకా. బరువు స్టాండ్ మోస్తుంది గానీ గురి, శ్వాస, ట్రిగ్గర్ అన్నీ మనవే, పైగా అందరికీ పదులే పడతాయి కాబట్టి 10.3కీ 10.6కీ మధ్య కొట్లాట మహా రంజుగా ఉంటుంది. వడ్రంగి చేత నడుమెత్తు స్టాండ్ చేయించి పైన పాత టైరు ట్యూబు ముక్క అతికిస్తే మన రేంజ్‌లోనే మొదలెట్టొచ్చు. వెన్ను బాగోలేక మానేసిన మీ పాత స్నేహితుల్ని దీంతోనే వెనక్కి పిలవండి.

హ్యాండ్ పంపుతో సిలిండర్ నింపలేకపోతున్నాను?

నింపొద్దు. పీసీపీ, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే గన్ సిలిండర్ 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపాలి, ఆఖరి యాభై బార్ దగ్గర ఒళ్లంతా బరువేసి తొక్కాలి, అది గుండెకి మంచిది కాదు. నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద స్కూబా సిలిండర్ కొనుక్కుని విశాఖలో నింపించుకుని వాడుకుంటే నెలల తరబడి వస్తుంది. సిలిండర్ మీద గడువు తేదీ చూసుకోండి, చాలా కంపెనీలవి పదేళ్లే, దాటినది వాడకండి. ఎండలో కారులో వదిలేస్తే లోపల ప్రెషర్ పెరుగుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

ఎండాకాలం జాకెట్ వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి?

మే నెలలో మనవైపు ఉక్కపోతలో, రేకుల షెడ్డు కింద క్యాన్వాస్ జాకెట్ వేసుకుని గంటన్నర నిలబడడం ఏ వయసులోనూ మంచిది కాదు. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా జాకెట్ లేకుండా ఇరవై షాట్లు, పొద్దున్న ఎనిమిదిలోపు ముగించండి. స్కోరు ఆ నెలల్లో చూడనే వద్దు.

## మ్యాచ్‌ల సంగతి

ఏ మ్యాచ్‌లు ఉంచుకోవాలి, ఏవి వదలాలి?

ప్రయాణం చూసి నిర్ణయించండి. విజయనగరం నుంచి విశాఖ గంటన్నర, అలాంటివి ఉంచుకోండి. ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజ్‌కి గన్ పెట్టెలు మోసుకుంటూ ఒకటిన్నర రోజు రైల్లో వెళ్లి, సరిగా నిద్ర లేకుండా లైన్లో నిలబడడం ముప్పైల్లో సరదా, ఇప్పుడు అది శిక్ష. ఏడాదికి ఒక్క పెద్ద మ్యాచ్ ఎంచుకోండి, దానికి ఒకరోజు ముందే చేరుకుని రెస్ట్ తీసుకోండి, భార్యనీ స్నేహితుడినీ తీసుకెళ్లి నాలుగు చోట్లు చూసి రండి. ఎక్కువమంది అలా ఒకటి ఉంచుకున్నవాళ్లే ప్రాక్టీస్‌కి కూడా రెగ్యులర్‌గా వస్తున్నారు, అసలేమీ లేకపోతే బద్ధకం వచ్చేస్తుంది.

పక్కన పదిహేనేళ్ల పిల్లలు 10.5లు కొడుతుంటే మనసు చివుక్కుమంటోంది?

వాళ్ల మానిటర్ వైపు చూడకండి, అంతే. మీ పోటీ మీ ఈడు వాళ్లతో, ఇంకా చెప్పాలంటే పోయిన నెల మీతో. పాత రికార్డు పుస్తకం అటక మీద పెట్టేసి యాభై దాటాక కొత్త పుస్తకం తెరవండి, దాంట్లో మొదటి స్కోరే మీ బెస్ట్ అవుతుంది. నలుగురు స్నేహితులుంటే ఎవరి సగటు స్కోరు వాళ్లకి బేస్ పెట్టి, దానికంటే ఎంత ఎక్కువ కొట్టారన్నది లెక్కేసి గెలుపు తేల్చుకోండి, డెబ్బై ఏళ్ల ఆయన కూడా టీ పందెం గెలుస్తాడు.

## ఇల్లు, కాగితాలు

రేంజ్‌కి వెళ్లలేని రోజు ఇంట్లో ఏం చెయ్యొచ్చు?

డ్రై ప్రాక్టీస్. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, డ్రై ఫైర్ సౌకర్యం ఉన్న గన్ అయితే ఖాళీ తెల్ల గోడ వైపు పెట్టి ఫ్రంట్ సైట్ కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం, రోజుకి పది నిమిషాలు. గోడ అవతల మనుషులు తిరిగే చోటు కాకూడదు, ఇంట్లో పెల్లెట్ల డబ్బా ఆ గదిలో ఉండకూడదు. తుఫాను రోజుల్లో బయటికి వెళ్లలేనప్పుడు ఇదే ఆధారం, ఆ తేమకి గన్ తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి.

మనవలు ఒళ్లోకి ఎక్కేస్తారు, పెల్లెట్ల సీసం వాళ్లకి ప్రమాదమా?

అవును, చిన్నపిల్లలకి సీసం కొంచెమైనా మంచిది కాదు. రేంజ్‌లో ఏమీ తినకండి, పెల్లెట్లు నోట్లో పెట్టుకోవద్దు, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగి చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

లైసెన్స్ ఉన్న పాయింట్ టూ టూ ఇంక వాడను, కొడుక్కి ఇవ్వొచ్చా, అమ్మొచ్చా?

ఇవ్వొచ్చు. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్స్‌దారుకి 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా దగ్గర ఉన్నా, ఏది ముందైతే అది, తను నామినేట్ చేసిన వారసుడి పేరు మీద లైసెన్స్ కోసం అప్లై చేసుకోవచ్చు. లైసెన్స్ వచ్చేదాకా గన్ కొడుకు చేతికి ఇవ్వకూడదు, తండ్రీకొడుకులైనా సరే. అమ్మాలంటే కొనేవాడికి లైసెన్స్ ఉండాలి, కలెక్టర్‌కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారుకి రెండు ఆయుధాలే పరిమితి, లైసెన్స్ గడువు ఐదేళ్లు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు ఎయిర్ గన్‌లకి లైసెన్స్ అవసరం లేదు, అందుకే చాలామంది ఫైరార్మ్ వదిలేసి ఎయిర్‌కి పరిమితమైపోతున్నారు, మనశ్శాంతి కూడా.

## ఇంకా తగ్గాక

కాల్చడం బాగా తగ్గిపోయింది, రేంజ్‌కి వెళ్లి ఏం చెయ్యాలి?

రేంజ్ ఆఫీసర్‌గా నిలబడండి, పిల్లలకి సేఫ్టీ చెప్పండి, వాళ్ల టార్గెట్లు చూసి ఎక్కడ తేడా వస్తోందో చెప్పండి. కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస వైపు నుంచే వెళ్లి 2000 సిడ్నీలో మెడల్ తెచ్చింది, కొండవెలగాడ లాంటి ఊళ్లో వెయిట్ లిఫ్టర్లు ఇంటింటా పుట్టుకొస్తున్నారంటే పెద్దవాళ్లు దగ్గరుండి నేర్పడం వల్లే. షూటింగ్‌కి మన జిల్లాల్లో అలా కూర్చుని నేర్పే పెద్దలే తక్కువ. రోజుకి ఐదు షాట్లు మీరు కాల్చి, గంటసేపు పిల్లల వెనక నిలబడితే ఆ ఐదు షాట్లకీ రుచి పెరుగుతుంది.

పూర్తిగా ఎప్పుడు ఆపెయ్యాలి?

స్కోరు వల్ల ఎప్పుడూ ఆపక్కర్లేదు, సేఫ్టీ వల్ల మాత్రం ఆపాలి. గన్ లోడ్ చేశానో లేదో గుర్తుండకపోవడం, రేంజ్ కమాండ్ వినబడకపోవడం, మజిల్ (గన్ గొట్టం మూతి) పక్కకి తిరిగినట్టు మీకే తెలియకపోవడం, ఇలాంటిది ఒక్కసారి జరిగినా ఆ రోజే గన్ లాకర్‌లో పెట్టి డాక్టర్‌ని కలవండి. చెవి మెషీన్‌తోనో, మందు మార్పుతోనో సర్దుకుంటే మళ్లీ రావచ్చు, వచ్చాక మొదటి నెల పక్కన ఒక మనిషి నిలబడి చూస్తుండగా మాత్రమే కాల్చండి. మతిమరుపు జబ్బని తేలితే ఇంట్లోవాళ్లే గన్, తాళాలు తీసుకోవాలి, దానికి ముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆ మాట భార్యకో కొడుక్కో చెప్పి ఒప్పించి ఉంచండి, కాగితాలు ఎక్కడున్నాయో కూడా చూపించండి.